తీగల్లేని పియానో

హలో… ఆ, సరితనే మాట్లాడుతున్న. చెప్పు శ్రీలతా.

లేదు… బడికి పోలే ఇయ్యాల. ఇంట్లనే ఉన్న. నా ముచ్చట తర్వాత. ముందు గిది చెప్పు, నీ బిడ్డ భాగ్య సిరిసిల్లకు మంచిగ చేరిందా?

…హమ్మయ్య.

మీ అవ్వ పొద్దుగాల్ల నాకు ఫోన్ జేసింది. 'మనుమరాలు లేవంగనే సంచి సదురుకోని, మా అమ్మ కాడికి పోత అని బస్సెక్కింది టీచరమ్మా' అని… లసుమవ్వ ముసలిపానం, ఆగమాగం అయితంది. నీకన్న ఏమన్న చెప్పిందా పిల్ల?

…ఒక్క మాట సుత?

…ఊఁ. గోడ దిక్కు మొకం పెట్టి పండుకున్నదా. పండుకోనీ. కదిలియ్యకు.

…ఎవలు? రాజ్‌కుమారా? మా కరస్పాండెంటు నీకు ఫోన్ జేసిండా?

…ఏమన్నడు? ఉన్నది ఉన్నట్టు చెప్పు, మొగమాటపడకు.

…'మీ భాగ్యశ్రీ అంతమంది ముంగట స్కూలు ఇజ్జత్ తీసింది.' ఊఁ. ఇంక?

…'నేర్చుకున్నది మర్చిపోయి, బయపడి, స్టేజి మీదికెల్లి లేసి పోయింది.' ఇంక?

…'మ్యూజిక్ టీచర్ ఎగేసింది.' గా టీచర్ నేనే. చెప్పు, ఇంక ఏమన్నడు?

…

'పిల్లను సక్కగ పెంచలే' అన్నడా? థూ.

నిన్ను కాదు చెల్లె. గా మనిషిని. నోట్లె పురుగు వడ్డట్టున్నది నాకు. నిన్న మాపటి సంది గిట్లనే ఉన్నది, ఎన్ని నీళ్లు తాగినా పోతలేదు.

…వీడియోనా? సూసిన. కోరుట్ల మొత్తం తిరుగుతంది. భాగ్య పియానో ముంగట కూసోని చేతులు ఒళ్లె పెట్టుకుంటది, పాట దానంతట అదే మోగుతది, ఇది లేసి దండం పెట్టి పోతది. 'దయ్యం వాయించిన పియానో' అని కింద రాసిండ్రు. గదే గదా?

…మీ ఆయన సాగర్ సుత సూసిండా? మస్కట్ దాక పోయిందా?

…రూములోళ్లు నవ్విండ్రా. నీ మీద లేసిండా. 'పిల్లను ఎట్ల పెంచినవ్' అని… అయ్యో. ఆయన గాడ ఉండి ఏం సూసిండు, ఏం తెల్సు ఆయనకు.

శ్రీలతా, ఇను. గా వీడియోల ముందటిది లేదు, ఎనుకటిది లేదు. నడుమ ముక్క కోసి తిప్పుతున్నరు. నేను గాడనే ఉన్న, మైకు పట్టుకోని, దాని పక్కపొంటి. నీకు మొత్తం చెప్త. కుట్టు మిషిన్ల పనికి పోయేదున్నదా?

…సెలవు పెట్టినవా. మంచిది. కూసో మరి.

పోయిన నెల రాజ్‌కుమార్ సార్ నన్ను ఆఫీసు రూముకు పిలిచిండు. 'మేడం, ఆన్యువల్ డేకు పెద్ద పియానో తెప్పిస్తున్న. గీ కోరుట్లల ఏ బడికీ లేదు. మన పిల్లతోని క్లాసికల్ వాయించాలె, తల్లిదండ్రులు నోరు తెరిచి సూడాలె' అన్నడు. అడ్మిషన్ల దినాలు దగ్గరికచ్చినయి గదా, గందుకు.

నేను పొంగిపోయిన. ఎందుకంటవా… అసలు పియానో ఎట్లుంటదో నాకెరుకే. మా నాయిన లచ్చయ్య కథలాపూర్ల కల్లు గీసెటందుకు తాళ్లెక్కెటోడు. నాకు పాటలంటే ఇష్టమని జగిత్యాలకు బస్సెక్కిచ్చి పంపేటోడు, దావీదు సార్ కాడికి. వాళ్ల ప్రార్థన మందిరంల పాత పియానో ఉన్నది, గోడకు ఆనిచ్చి. వేలు పెడితే సప్పుడు చెక్కలకెల్లి లేసి మన మోచేతుల దాక అస్తది. మా బడిల ఉన్నది కరెంటు కీబోర్డు. దాని మీదనే భాగ్య నేర్చుకున్నది. అది అసలు పియానో ముంగట కూసుంటదంటే, నాకే పండుగ అనిపిచ్చింది.

…ఆ, గందుకే పొద్దుగాల్ల జల్ది పోయేది బడికి. గంట కొట్టకముందుకే అచ్చి కూసునేది. మీ అవ్వ అనుకునేదట, పిల్లకు ట్యూషన్ ఉన్నదని.

నిన్న పగటీలి బండి అచ్చింది. ఏ బండనుకున్నవ్? పెండ్లి డెకరేషనోళ్ల ఆటో ట్రాలీ. మీద తెల్లగ, నున్నగ, బంగారు అంచు పెట్టిన పియానో. నేను ఉరికిన సూద్దామని. మూత లేపిన.

…తీగలు ఉండాలె శ్రీలతా. పియానో మూత లేపితే లోపల తీగలు ఉండాలె, చిన్న చిన్న సుత్తెలుండాలె. గా పెట్టెల ఏమున్నదో చెప్పనా? ఎన్నటియో బంతిపూలు, కుళ్లి నల్లగైనయి. బిర్యానీ మెతుకులు అంటుకున్న కాగితం పల్లాలు. గుట్క పాకెట్లు. ఒక మూలకు ఎవడో ఉమ్మి, అది ఎర్రగ ఎండిపోయింది. ఎలుకలు తిరిగిన వాసన.

…గదే, గదే. పెండ్లిండ్లల్ల స్టేజి మీద పెడుతరు సూడు, పిల్లా పిలగాడు ఆనుకోని ఫోటో దిగెటందుకు. ఉత్త చెక్క డొల్ల. తీగ లేదు, సుత్తె లేదు.

పోయి అడిగిన. 'గిదేంది సార్, గిది పియానో కాదు' అన్న. ఆయన నవ్విండు. 'మేడం, లోపల మన కీబోర్డు ఇరికిస్తరు. సప్పుడు అస్తది గదా. సూసెటోళ్లకు ఏం ఎరుక' అన్నడు.

…ఏం జేస్త మరి. కీబోర్డు మంచిదే, పిల్ల చేతులు మంచియే, పాట నిజంగ వాయిస్తది, డబ్బ ఏదైతే ఏందని మనసు సముదాయించుకున్న. ఆయా ముత్తమ్మ, నేను కలిసి గా రోతంత ఊడ్చి, ఫినాయిలు ఏసి తుడిచినం. పిల్ల అందుల మొకం పెట్టి కూసునేదుండె గదా.

మల్ల మాపటీలి పిలిచి ఇంకో మాటన్నడు. పిల్ల వాయించకముందు నేను మైకుల గా సంగీతం రాసినాయన గురించి చెప్పాలె. ఆయన పేరు షోపాన్. 'గా పేరు ఎవలికి తెల్సు మేడం, బీథోవెన్ అనుండ్రి, అందరు ఇన్న పేరు' అన్నడు.

…నవ్వస్తందా? నాకు నవ్వు రాలే. రేపొద్దున నీ బిడ్డను తీస్కపోయి ఇంకోలి బిడ్డని చెప్తే ఎట్లుంటది? 'నేను అనను సార్' అన్న. మొకం మాడ్చుకున్నడు.

పొద్దుగూకినంక జనం నిండిండ్రు. నేను మైకు పట్టుకున్న. షోపాన్ గురించి నాలుగు ముక్కలు చెప్పిన్నో లేదో, కింది నుంచి ఆయన చెయ్యి తిప్పుతున్నడు, చాలు చాలు అని. ముంగటి కుర్చీలల్ల పెద్దమనుషులు ఫోన్లు సూసుకుంటున్నరు. సరే అని, ఆపి, భాగ్యను పిలిచిన. అది అచ్చింది. కూసున్నది. గౌను సదురుకున్నది. వేళ్లు పియానో మెట్ల మీద పెట్టి వత్తింది.

…సప్పుడు లేదు.

సప్పుడు లేదు శ్రీలతా. మల్ల వత్తింది. లేదు. కీబోర్డు అయితే లోపల పెట్టిండ్రు, వైరు మాత్రం పెట్టలే. అది తలకాయ తిప్పి నా దిక్కు సూసింది. నేను దాని కాడికి పోదామనుకునేంతల్నే స్పీకర్లల్ల దడదడ పాట మోగింది. వేరే పాట. భాగ్య నేర్చుకున్నది మెల్లది, గిది ఉరుకులది, వేళ్లు కనవడనంత జోరుది. ఫోన్లకెల్లి పెట్టిండ్రు. రాజ్‌కుమార్ స్టేజి పక్కన తెర సందుకు నిలవడి పిల్లకు సైగ చేస్తున్నడు, రెండు చేతులు గాలిల ఆడిచ్చుకుంట… వాయించినట్టు చెయ్యి, వాయించినట్టు చెయ్యి అని.

…ఊఁ. నాకు సుత చెప్పలే. ఎవలికీ చెప్పలే. పిల్ల మీద నమ్మకం లేదట, తప్పు వోతదేమోనని. తర్వాత ఆయన నోటితోనే అన్నడు.

అప్పుడు నీ బిడ్డ ఏం జేసిందో ఇను. బయపడలే. ఏడ్వలే. చేతులు తీసి ఒళ్లె పెట్టుకున్నది. పాట మోగుతనే ఉన్నది. అది జనం దిక్కు సూసుకుంట కూసున్నది, మీరే సూడుండ్రి అన్నట్టు. తర్వాత లేసింది, దండం పెట్టింది, నడుసుకుంట దిగింది. ఉరకలే. నడిసింది.

…ఆగు, అయిపోలే. కుర్చీ ఖాళీ, పాట మాత్రం మోగుతంది. జనం నవ్వుడు షురూ. పాట నడుమల టక్కుమని ఆగి, ఏదో తలనూనె ప్రకటన అచ్చింది. 'మీ జుట్టు ఊడుతోందా' అని పెద్ద స్పీకర్లల్ల. అప్పుడు జనం పడి పడి నవ్విండ్రు. వాళ్లు నవ్వింది భాగ్యను సూసి కాదు, గా ప్రకటన ఇని. వీడియో కోసినోడు గా ముక్క తీసేసిండు.

నేనా? మైకు నా చేతులనే ఉండె. 'పిల్లది తప్పు లేదు. ఇది రికార్డు. దీంట్ల తీగలే లేవు' అన్న. ఇంకా అనేదే, కరెంటు తీసేసిండ్రు మైకుకు. తర్వాత ఆఫీసు రూముల, 'మీరు రేపటి సంది రావద్దు' అన్నడు. గందుకే ఇంట్ల ఉన్న.

…

శ్రీలతా? ఉన్నవా?

…ఏంది, ఏడుస్తున్నవా? ఎందుకు?

…

కొట్టినవా.

…ఎప్పుడు? ఇయ్యాల పొద్దుగాల్లనా? బస్సు దిగి ఇంట్ల కాలు పెట్టంగనేనా?

…

లేదు… నేనేమంట. నాకు పిల్లలు లేరు, తల్లి కోపం నాకు తెల్వదు. అటు మొగుడు ఫోన్ల తిట్టె, ఇటు గీయన బెదిరిచ్చె… కాని అది నిన్న అంతమంది ముంగట ఒక్కతే నిలవడి, నీ కాడికి అచ్చింది చెల్లె. ఎవలి కాడికి పోలే, నీ కాడికచ్చింది.

…ఊఁ. ఏడువు. పర్వలేదు.

…ఏం వీడియో? ఇంకో వీడియోనా?

…ఆయన అడిగిండా? 'నేను బయపడ్డ, నాదే తప్పు, సార్‌కు మాఫీ' అని పిల్లతోని చెప్పిచ్చి పంపుమన్నడా? లేకపోతే టీసీ ఇస్త అన్నడా? ఛీ, ఛీ. మనిషేనా వాడు. తన గలీజును పిల్ల నోటితోని నాకిస్తడా?

…తీసినవా? చెప్పిచ్చినవా దానితోని?

…పంపినవా?

…పంపలే. పంపలే గదా? మంచిది. ఎందుకు పంపలే?

…'దాని గొంతు మా పిల్ల గొంతు లెక్క లేకుండె.' ఊఁ. గా గొంతు దానిది కాదు మరి.

…ఏందీ? మల్ల అను.

…ఎవడో తెల్లోడు, ఎన్నడో సచ్చిపోయినోడు, వాని పాట కోసం మనకీ బాధ ఎందుకంటవా? సదువుకుంటే సాలదా అంటవా?

…లేదు, కోపం లేదు. అడిగినవ్, మంచిగనే అడిగినవ్. నిన్న సగంల కోసిన ముచ్చట ఉన్నది గదా నా కాడ, గది నీకే చెప్త. పెద్దమనుషులకు చెప్పేకంటె నీకు చెప్పుడే నయం.

షోపాన్‌ది పోలండ్ దేశం. ఇరవై ఏండ్ల పిలగాడప్పుడు, పేరు తెచ్చుకోవాలెనని దేశం దాటిండు. ఆయన గిట్ల పోయిండు, ఎనుక ఇంటికాడ కొట్లాట లేసింది. వాళ్లనేలే రష్యా రాజ్యం మీద తిరగబడ్డరు, ఓడిపోయిండ్రు. ఇగ ఆయన మల్ల సొంతూరి మొకం సూడలే. పారిస్ పట్నంల పెద్దింటి పిల్లలకు పియానో చెప్పుకుంట బతికిండు. దగ్గు రోగం. ముప్పైతొమ్మిదేండ్లకే పోయిండు.

రాసిందంత ఇంచుమించు పియానోకే. జనం కిక్కిరిసిన హాలంటే ఆయనకు పడకపోయేది, ఊపిరాడది అనేటోడట. చిన్న అర్రల, నలుగురు ఎరుకైనోళ్ల ముంగట, మెల్లగ వాయించెటోడు. గసొంటాయన పాటను మావోడు ఊరేగింపు స్పీకర్లల్ల పెట్టిండు, సూడు.

నాక్టర్న్ అని ఉంటయి. రాత్రి పూట పాటలన్నట్టు. ఎడమ చెయ్యి తొట్టె ఊపినట్టు ఊపుతది, కుడి చెయ్యి దాని మీద పాడుతది. పియానో అంటే ఏంది, సుత్తెలతోని తీగలను కొట్టుడే గదా. గా కొట్టుడుల గొంతు పలికిచ్చిండు ఆయన. కొత్తగ ఇనెటోళ్లు అవిటితోని మొదలుపెడితే మంచిగుంటది.

వాల్ట్జ్‌లు ఉన్నయి, గిరగిర తిరిగే ఆటలయి. నిన్న మోగింది గసొంటిదే. పాట చెడ్డది కాదు చెల్లె, బంగారం. దాన్ని అబద్ధానికి ముసుగు లెక్క వాడిండ్రు, గది నాకు రోత.

ఎట్యూడ్‌లు… అంటే వేళ్లకు కసరత్తు. ఒకదాంట్ల కుడి చెయ్యి నల్ల మెట్ల మీదనే ఉరుకుతది. కసరత్తును సుత ఇనబుద్ధయ్యేటట్టు రాసిండు. ఇగ ప్రెల్యూడ్‌లు, చిన్న చిన్నయి. కొన్నిట్ల మనం సదురుకోని కూసునేటాళ్లకే అయిపోతయి. ఒకదాంట్ల ఒక్క స్వరమే మల్ల మల్ల పడుతది, రేకుల అంచుకెల్లి వాన చుక్క కారినట్టు. పానం బాగలేక ఒక దీవిల తలదాసుకున్నప్పుడు, వాన ఇడువకుంట కొట్టిందట. గా రోజులదే అంటరు.

సావు ఊరేగింపుది ఒకటున్నది. మనకు డప్పు ఎట్లనో తెల్లోళ్లకు గది గట్ల. నువ్వు ఇనే ఉంటవ్, సినిమాలల్ల పెడుతరు… డం, డం, డడం. బరువుగ అడుగేసినట్టు. నడుమ జోలపాట లెక్క ఒకటి అస్తది, మనసు కలుక్కుమంటది, మల్ల డం.

నాకైతే మజుర్కాలు ఇష్టం. అవి వాళ్ల పల్లెటూరోళ్ల ఆటలు. దెబ్బ మనం అనుకున్న కాడ పడది, జర పక్కకు పడుతది, కాలు ఎత్తి అట్లనే ఒక్క గడియ ఆపినట్టు. పారిస్‌ల దొరసాండ్ల నడుమ ఉండుకుంట, బతుకంత ఊరి ఆటలే రాసుకున్నడు. సాగర్ గాడ రూముల బతుకమ్మ పాటలు పెట్టుకోని పండుకుంటడని నువ్వే అన్నవ్ గదా ఓసారి. గంతే, ఆయన గూడ గంతే.

…ఎవలు? వాళ్ల అమ్మనా?

…ఒక్కసారి సూసింది. ఆయన దేశం దాటినంక కొన్నేండ్లకు అమ్మా నాయినా ఇద్దరు వేరే ఊరికి పోయి కలిసిండ్రు. గదే ఆఖరు. కొడుకు పోయినంక సుత ఆమె చాన ఏండ్లు బతికింది.

…శవం రాలే. పారిస్‌లనే పెట్టిండ్రు. గుండెకాయ మాత్రం అక్క తీస్కపోయింది, సీసల పెట్టుకోని. ఇప్పటికి వాళ్ల వార్సా పట్నంల, చర్చి స్తంభంల ఉన్నది.

…

…గల్ఫ్‌కెల్లి మీ చిన్నాయన శవం పెట్టె అచ్చినప్పుడా. ఊఁ… ఎరుకే, నువ్వు చెప్పినవ్. నాయినమ్మ మూత తెరవనియ్యుమని ఏడ్సింది…

…ఊఁ.

…భాగ్య నేర్చుకున్నదా? ప్రెల్యూడ్‌లల్లనే ఒకటి. ఒక్క పేజీ. కుడి చెయ్యి పెద్దగ కదలది, ఒక్క మాటనే అటు ఇటు అంటది. ఎడమ చెయ్యి కింద మెల్లమెల్లగ దిగుతది. సూస్తె అలకగ కనవడుతది, కాని తొందరపడ్డవో పాడైతది. మొదటిసారి నేను వాయిస్తె, 'ఇది బాధ పాట' అన్న. భాగ్య ఏమన్నదో తెల్సా? 'బాధ కాదు మేడం, అలిగింది. ఎవలన్న అచ్చి పిలుస్తరా అని సూస్తంది' అన్నది. నాకు దావీదు సార్ సుత గట్ల చెప్పలే.

గది వాయించాలెనని అచ్చిన పిల్లను చేతులు ఉత్తగ ఆడియ్యుమన్నరు.

…

…రాజ్‌కుమార్‌తోనా? నువ్వు మాట్లాడుతవా?

…నన్ను లైన్లనే ఉండుమంటవా. ఉంట. నువ్వే మాట్లాడు, నేను నోరు తెరవ. కలుపు.

……

నమస్తే సార్. ఆ, సరితనే. ఇంటున్న… లేదు సార్, నేను చెప్పిస్తలేను. తల్లి మాట్లాడుతది, మీరు ఇనుండ్రి.

……

సార్, ఆమెను చెప్పనియ్యిండ్రి. నడుమల అందుకోకుండ్రి.

……

నన్నెందుకు అడుగుతున్నరు సార్? ఆమె అడిగిందానికి జవాబు చెప్పుండ్రి.

……

హలో… హలో. కట్ చేసిండా? శ్రీలతా, నువ్వున్నవా?

…'నా బిడ్డ చేతులు ఒళ్లె పెట్టుకుంటే మీకు సిగ్గయ్యిందంటున్నరు, తెర సందుకు నిలవడి గాలిల ఆడిచ్చిన చేతులు ఎవలియి?' …ఏందమ్మా గది. యాడ దాసినవ్ గా నోరు ఇన్నొద్దులు.

…కూసో, కూసో. నీళ్లు తాగు.

…టీసీ ఇస్తె ఇయ్యనీ. ఇంకో బడి సూద్దాం. గా బడిల ఇంకేం నేర్చుకుంటది అది, ఉత్తగ చేతులు ఆడిచ్చుడా?

…ఎవలు లేసిండ్రు? భాగ్యనా? అర్రకెల్లి ఇంటున్నదా ఇంతసేపు?

…ఇయ్యి. ఫోన్ దానికియ్యి.

…

భాగ్యా.

…ఏం లేదు, ఊకె పిలిచిన. చెంప నొస్తందా?

…ఊఁ. అమ్మకు తెల్వక కొట్టింది. ఇప్పుడు తెల్సింది. ఇన్నవ్ గదా ఏమన్నదో.

…నీ చేతులదా తప్పు? కాదు బిడ్డ. వైరే పెట్టలే వాళ్లు. నువ్వు వత్తింది కరెక్టే. మొదటి స్వరం మీదనే ఉన్నయి నీ వేళ్లు, నేను సూసిన.

…నా ఉద్యోగమా. పోయింది. …లేదు, నీ వల్ల ఎందుకైతది. పెద్దోళ్ల లెక్క మాట్లాడకు.

…ఇను. ఆదివారం జగిత్యాలకు రా, అమ్మను తోలుకోని. దావీదు సార్‌తోని పొద్దుగాల్లనే మాట్లాడిన. మందిరంల ప్రార్థన అయిపోయినంక ఎవలు ఉండరు. నువ్వు, అమ్మ, నేను, సార్. గంతే మంది.

…జనం లేకపోతే ఏం ఫాయిదా అంటవా? …మంచిగ అడిగినవ్. ఏం చెప్పాలె నీకు. ముందు నీకు నువ్వు ఇను. గా తీగల సప్పుడు నీ చేతుల కిందికెల్లి ఎట్లస్తదో ఇను. జనం ముచ్చట తర్వాత సూద్దాం.

…సరే. అమ్మకియ్యి.

…ఆ శ్రీలతా. అన్నం పెట్టు దానికి. నువ్వు సుత తిను. నేను…

ఒక్క నిమిషం. ఏదో మెసేజ్ అచ్చింది. బడి గ్రూపుల. నన్ను గ్రూపుల నుంచి తీసెయ్యడం మర్చిపోయినట్టున్నరు. ఆగు, సూస్త.

…

…లేదు, ఉన్న. సూస్తున్న.

…

శ్రీలతా, ఇప్పుడే పెట్టిండ్రు. గా పెండ్లి డబ్బ ఇంకా వాపస్ పంపలే. ఒకటో తరగతి పాపను కూసోబెట్టి వీడియో తీసిండ్రు. 'మా బడిలో పియానో తరగతులు, అడ్మిషన్లు తెరిచి ఉన్నవి' అని రాసిండ్రు. పాట మోగుతంది. నిన్నటి ఉరుకుల పాటనే.

…తెల్వదు ఎవలి బిడ్డో. రెండు జడలేసుకున్నది. కాళ్లు కిందికి అందుతలేవు. వేళ్లు అటు ఇటు ఆడిచ్చుకుంట, కెమెరా దిక్కు సూసి నవ్వుతంది.

…నవ్వుతంది, ఎందుకంటే… అది తనే వాయిస్తున్న అనుకుంటంది. గా సప్పుడంత తన వేళ్ల కిందికెల్లే అస్తందని అనుకుంటంది. మొకం సూస్తె తెలుస్తంది.

…

…లేదు. ఇగ ఇంట్ల కూసోను. పోతున్న.

…బడికే. రానియ్యకపోతే గేటు కాడ నిలవడుత. తల్లిదండ్రులు పిల్లలను తోలుకపోను అస్తరు గదా. గా పాప తల్లి అస్తది. చెప్త. పాపకు సుత చెప్పాలె, నువ్వు నిజంగ వాయించాలంటే నా ఇంటికి రా బిడ్డ అని. ఎవలో ఒకలు చెప్పాలె గదా.

…వద్దనకు. ఏం జేస్తడు, ఉన్న ఉద్యోగం అయితే తీసేసిండు.

…ఏందీ? మీరస్తరా? ఇప్పుడా?

…భాగ్య అన్నదా? చెప్పులు ఏసుకుంటందా.

…సరే. వేములవాడల దిగి, రుద్రంగి మీదికెల్లి పోయే కోరుట్ల బస్సెక్కుండ్రి. రాండ్రి. మీరచ్చేదాక నేను గేటు ఇడువ.

ఆ… పెడుతున్న. చీర మార్చుకోవాలె.